మ్యూజ్‌స్కోర్‌కీ రీపర్‌కీ ఒకే టెంపో: గుణుపూర్ క్వైర్ క్రిస్మస్ పాట, ఒక కేస్ స్టడీ

రాయగడలో మాది చిన్న స్టూడియో. ఒక గది, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, విండోస్ కంప్యూటర్, అందులో రికార్డింగ్‌కి వాడే రీపర్ సాఫ్ట్‌వేర్. గుణుపూర్ నుంచి ఒక క్వైర్ వాళ్లు క్రిస్మస్ పాట రికార్డింగ్‌కి వచ్చారు. క్వైర్‌ని నడిపేది రిటైరైన స్కూల్ మాస్టారు. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు గొంతులకీ స్టాఫ్ నొటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) ఆయనే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకుంటారు. పాట ఆరు నిమిషాల పైమాటే. ముందు తాళం లేని సాకీ, ఆ తర్వాత 6/8లో (ఒక్కో బార్‌కి, అంటే ఆవర్తనానికి, ఆరు ఎయిత్ నోట్లు) పల్లవి, మూడు చరణాలు. మొదటి చరణం తెలుగు, రెండోది ఒడియా, మూడోది సవర. గుణుపూర్ చుట్టుపక్కల ఆదివారం ఆరాధనకి ఈ మూడు భాషల వాళ్లూ వస్తారు. పాట అందరిదీ కావాలన్నది మాస్టారి పట్టుదల.

వాళ్లు వచ్చింది ఒక ఇబ్బందితో. అంతకుముందు వేరే చోట కీబోర్డ్, డోలక్‌తో ఒక ట్రాక్ చేయించుకున్నారు. పాడేవాళ్లేమో మ్యూజ్‌స్కోర్ నుంచి తీసిన ఆడియోని ఫోన్లలో వింటూ ప్రాక్టీస్ చేశారు. రెండూ ఒకే పాట, వేగం కూడా ఒకటే అనిపిస్తుంది. కానీ ట్రాక్ మీద పాడితే మొదటి చరణం సరిపోతుంది, రెండో చరణానికి సర్దుకోవాల్సి వస్తుంది, మూడో చరణానికి ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. తప్పు పిల్లలదేనని మాస్టారు చాలా రోజులు అనుకున్నారు. పిల్లలు సరిగ్గానే పాడుతున్నారు. ఈ కేస్ వివరంగా రాయడానికి ముఖ్యమైన కారణం అదే. టెంపో కుదరని ట్రాక్ ఇస్తే పాడేవాళ్లు తమ మీద తామే నమ్మకం పోగొట్టుకుంటారు.

తేడా ఎక్కడుందో చూద్దామని ఆ ట్రాక్‌ని రీపర్‌లో పెట్టి బార్లు లెక్కేశాను. మాస్టారి స్కోర్‌లో (నొటేషన్ ఫైల్‌లో) వేగం చుక్క ఉన్న క్వార్టర్ నోట్ 56 అని ఉంది, అంటే నిమిషానికి అలాంటివి 56. 6/8లో అలా రాయడమే సరైన పద్ధతి, ఎందుకంటే బార్‌కి రెండు పెద్ద దెబ్బలు. కానీ మిడి ఫైల్‌లో (ధ్వని కాకుండా నోట్ల, వేగం వివరాలు ఉండే ఫైల్) వేగాన్ని ఎప్పుడూ మామూలు క్వార్టర్ నోట్‌తోనే లెక్కిస్తారు, రీపర్ కూడా అంతే. చుక్క క్వార్టర్ అంటే ఒకటిన్నర క్వార్టర్, కాబట్టి 56 కాస్తా 84 అవుతుంది. ఈ సంగతి తెలియక రీపర్‌లో 56 అని కొడితే పాట మూడింట రెండొంతుల వేగానికి పడిపోతుంది. అది వెంటనే తెలిసిపోతుంది, ఎవరూ అలా వదిలేయరు. ఎక్కువమంది చేసేది ఏమిటంటే, చెవికి సరిపోయేదాకా అంకె పెంచుకుంటూ పోవడం. వాళ్ల ట్రాక్ 85 దగ్గర ఆగింది.

84కీ 85కీ తేడా చెవికి దొరకదు. ఆరు నిమిషాల పాటలో మాత్రం నాలుగు సెకన్లు దాటుతుంది. ఈ వేగంలో ఒక బార్ 2.14 సెకన్లు, అంటే చివరికి వచ్చేసరికి దాదాపు రెండు బార్లు పోయినట్టే. 84కి బదులు 84.1 పెట్టినా ఆరు నిమిషాలకి 0.43 సెకన్లు జరుగుతుంది. నలుగురు కలిసి ఒక హల్లు పలకాల్సిన చోట అంత తేడా చాలా ఎక్కువ. అందుకే టెంపోని చెవితో పెట్టకూడదంటాను. ఫైల్ నుంచే తీసుకోవాలి.

మాస్టారు మొదటి రోజే అడిగారు: “బాబూ, నేను స్కోర్‌లో ఒక నోట్ మారిస్తే మీ కంప్యూటర్‌లో కూడా దానంతటదే మారిపోదా?” స్కోర్ రాసేవాళ్లందరి ఆశా అదే. ఇందులో మూడు వేరు వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒకచోట ప్లే నొక్కితే రెండోది కూడా అదే బార్ నుంచి కదలడం ఒకటి. రెండింటికీ టెంపో మ్యాప్, అంటే ఏ బార్‌లో వేగం ఎంతో చెప్పే పట్టిక, ఒకటే కావడం ఇంకొకటి. నోట్లు కూడా అటూ ఇటూ ప్రవహించడం మూడోది. మూడోది నిజంగా కావాలంటే నొటేషనూ రికార్డింగూ ఒకే ప్రోగ్రామ్‌లో ఉండాలి. 2024లో వచ్చిన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్ 14లో, డోరికో అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా తయారైన కొత్త స్కోర్ ఎడిటర్ ఉంది, ఆ దారి అటే. కానీ మాస్టారు తన ఇంట్లో ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌లో రాస్తారు, దాన్నే క్వైర్‌లో ఇద్దరు అమ్మాయిలు కూడా నేర్చుకున్నారు. ఆ పద్ధతి చెడగొట్టే హక్కు మనకి లేదు. ఈ పాటకి ఎక్కువ ఉపయోగపడేది రెండోదే అని తేల్చుకున్నాం.

అయినా ఆయన కోసం మొదటిది కూడా చేసి చూపించాను. ఇదివరకు ఇలాంటి పనికి రీవైర్ అనేది ఉండేది, 2020 చివరితో దాన్ని ఆపేశారు. లినక్స్ వైపు ప్రోగ్రామ్‌లని కలిపి నడిపే జాక్ ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద మ్యూజ్‌స్కోర్ 3, రికార్డింగ్‌కి ఆర్డోర్ పెట్టి, రెండింటిలోనూ జాక్ ట్రాన్స్‌పోర్ట్ ఆన్ చేశాను. మ్యూజ్‌స్కోర్‌ని టైమ్‌బేస్ మాస్టర్ చేశాను, అంటే బార్లూ వేగమూ చెప్పేది అదే. ఒకదాంట్లో స్పేస్ బార్ నొక్కితే రెండోది కదిలింది, స్కోర్ మీద నీలం గీత నడుస్తుంటే ఆర్డోర్‌లో రికార్డింగ్ నడిచింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. పాడేవాళ్ల ముందు స్క్రీన్ పెట్టి స్కోర్ చూపిస్తూ రికార్డ్ చేసుకోవాలంటే ఇది చాలా మంచి ఏర్పాటు. ఇబ్బందల్లా 2022 డిసెంబర్‌లో వచ్చిన మ్యూజ్‌స్కోర్ 4లో జాక్‌ని తీసేయడం. క్వైర్ వాళ్లందరి దగ్గరా ఉన్నది 4. ఒక్క సింక్ కోసం అందరినీ పాత వెర్షన్‌కి వెనక్కి లాగితే, 4లో రాసిన ఫైళ్లు 3లో తెరుచుకోక కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఆ దారి అక్కడితో వదిలేశాం.

మరి మిడి క్లాక్ వాడొచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. మిడి క్లాక్ క్వార్టర్ నోట్‌కి 24 దెబ్బలు పంపుతుంది, డ్రమ్ మెషీన్‌నీ సింథ్‌నీ కలిసి నడపడానికి బాగా పనికొస్తుంది. నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని దానితో నడపాలని కూర్చుంటే రికార్డింగ్ రోజు అందులోనే గడిచిపోతుంది.

చివరికి కుదిరిన పద్ధతి ఫైళ్ల మార్పిడే. దానికి ఒకే ఒక్క షరతు పెట్టాను: టెంపో మ్యాప్ సొంతదారు స్కోర్. రీపర్‌లో ఎవరూ టెంపో ముట్టుకోకూడదు, నేను కూడా. వేగం మార్చాలనిపిస్తే మాస్టారికి ఫోన్ చేసి, ఆయన స్కోర్‌లో మార్చి మళ్లీ మిడి పంపాలి. ఇది నిదానంగా అనిపిస్తుంది కానీ రెండు చోట్లా ఎవరికి తోచింది వాళ్లు మారిస్తే ఏది అసలుదో రెండో రోజుకే తెలియకుండా పోతుంది.

స్కోర్‌ని ఈ పనికి సిద్ధం చేయడంలోనే ఎక్కువ శ్రమ పడింది. పల్లవి బార్ మధ్యలో ఎత్తుకుంటుంది కాబట్టి మాస్టారు మొదట్లో ఒక కురచ బార్ పెట్టారు. అచ్చులో అందంగా ఉంటుంది. మిడిలోకి వెళ్లేసరికి బార్ నంబర్లు జరిగిపోతాయి, ఆయన 17 అంటే నేను 18 అనుకుంటాను. దాన్ని పూర్తి బార్ చేసి, ముందు భాగం విరామాలతో నింపమన్నాను. ఆ బార్ ముందు ఇంకో రెండు ఖాళీ బార్లు పెట్టించాను, డోలక్ ఎత్తుకోవడానికీ పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడానికీ.

తర్వాత రిపీట్లు. మూడు చరణాలదీ ఒకే బాణీ కాబట్టి మాస్టారు ఒక్కసారే రాసి, నోట్ల కింద మూడు వరసల సాహిత్యం పెట్టి, రిపీట్ గుర్తు వేశారు. పుస్తకంలో అలాగే రాస్తారు. కానీ తెలుగులో మూడక్షరాలు ఉన్నచోట ఒడియాలో నాలుగు వచ్చాయి, ఒక క్వార్టర్ నోట్ రెండు ఎయిత్ నోట్లుగా విడిపోవాలి. సవర చరణంలో ఇంకోచోట రెండు నోట్లు కలిసి ఒకటి కావాలి. కాగితం మీద చుక్కల స్లర్ వేసి ఊరుకుంటే పాడేవాళ్లు అర్థం చేసుకుంటారు. ప్లేబ్యాక్‌కి అర్థం కాదు, అది మూడుసార్లూ తెలుగు నడకే వాయిస్తుంది. ఒడియా చరణం పాడే పిల్లలు ఇన్నాళ్లూ ఆ ఆడియో విని ప్రాక్టీస్ చేశారు కాబట్టే ఆ ఒక్క బార్‌లో నాలుగు గొంతులూ నాలుగు రకాలుగా విడిపోయేవి. రిపీట్లన్నీ విప్పి, మూడు చరణాలూ పూర్తిగా రాయించాం. స్కోర్ పొడుగైంది. కానీ స్కోర్‌లో 70వ బార్ అంటే రీపర్‌లోనూ 70వ బారే. నాలుగు గొంతులు విడివిడిగా రికార్డ్ చేసేటప్పుడు ఈ ఒక్క సౌకర్యం ఎంత టైమ్ మిగిల్చిందో చెప్పలేను.

చివర్లో పాట నెమ్మదించాలి. అచ్చులో ఒక మాట రాసి ఊరుకుంటే ఎంత నెమ్మదించాలో ఎవరి ఊహ వాళ్లది. చరణాల తర్వాత వేగం 60 అయిన చోటు నుంచి నాలుగు బార్లలో 57, 54, 51, 48 అని బార్‌కో టెంపో గుర్తు పెట్టి, ప్రింట్‌లో కనపడకుండా దాచమన్నాను. అవి రీపర్‌లోకి 85.5, 81, 76.5, 72గా వచ్చాయి. బార్ బార్‌కీ మెట్టు దిగినట్టు ఉంటుందేమో అని భయపడ్డాను గానీ, మీద మనుషులు పాడితే ఆ మెట్లు వినపడవు.

క్లిక్ (చెవిలో వినిపించే తాళం దెబ్బలు) సంగతి కొంచెం విడిగా చెప్పాలి. రీపర్ సొంత మెట్రోనోమ్ వాడలేదు. స్కోర్‌లోనే అడుగున ఒక వుడ్‌బ్లాక్ (చెక్క దెబ్బ శబ్దం) స్టాఫ్ వేసి, బార్‌కి రెండు దెబ్బలు రాయించాను. ఖాళీ బార్లలో కౌంట్ కూడా అందులోనే. క్లిక్ స్కోర్‌లో భాగం అయిపోయింది కాబట్టి స్కోర్ ఎక్కడికి వెళ్తే అది అక్కడికి వెళ్తుంది. ఫోన్‌లో ప్రాక్టీస్ ఆడియోలో ఏ క్లిక్ విన్నారో స్టూడియో హెడ్‌ఫోన్స్‌లోనూ అదే వింటారు. డోలక్ వాయించే ఆయన అంతకుముందు ఆరు ఎయిత్ నోట్లకీ టిక్ టిక్ పెట్టిన క్లిక్‌తో విసిగిపోయి ఉన్నారు. “అన్నా, అలా చెవిలో పొడుస్తా ఉంటే నా చేతులు ఆగిపోతన్నాయి, నడక రాదు,” అన్నారు. రెండు దెబ్బల వుడ్‌బ్లాక్, దానితో పాటు మాస్టారి గైడ్ గొంతు వినిపిస్తే ఆయన చేతులు వాటంతటవే లేచాయి. డోలక్ దెబ్బల్ని కంప్యూటర్ గ్రిడ్ గీతల మీదికి లాగి కూర్చోబెట్టే పని చేయలేదు, చేయకూడదు కూడా. దెబ్బ కాస్త ముందుగా పడే ఆ తొందరలోనే పాటకి ప్రాణం ఉంది.

మిడిని రీపర్‌లోకి తెచ్చేటప్పుడు ఫైల్‌లోని టెంపో మ్యాప్‌ని ప్రాజెక్ట్‌లో కలపాలా అని అడుగుతుంది. అది టిక్ చేయడం మర్చిపోతే నోట్లు వస్తాయి గానీ టెంపో రాదు. కలిపాక సరిగ్గా వచ్చిందో లేదో చూసే పద్ధతి ఇదీ. నిమిషానికి 56 పెద్ద దెబ్బలు, బార్‌కి రెండు, అంటే నిమిషానికి 28 బార్లు. కాబట్టి 29వ బార్ గీత సరిగ్గా 1:00.000 దగ్గర ఉండాలి. కర్సర్ అక్కడ పెట్టి చూశాం, ఉంది. మాస్టారు లెక్కల మాస్టారే, ఇది చూసి మిగతా చోట్ల కూడా ఏ బార్ ఏ సెకన్‌లో రావాలో కాగితం మీద వేసుకొచ్చారు. ప్రతి కొత్త ఫైల్‌కీ ఆ కాగితంతో ముందు సరిచూసుకుని, ఆ తర్వాతే రికార్డింగ్ మొదలుపెట్టేవాళ్లం.

సాకీ దగ్గర మాత్రం షరతు తిరగేయాల్సి వచ్చింది. సాకీకి తాళం లేదు. పాడే అమ్మాయికి క్లిక్ ఇచ్చి పాడమంటే అది సాకీ కాదు. ఆమెని ఏ క్లిక్కూ లేకుండా, తంబురా శ్రుతి ఒక్కటే పెట్టి పాడమన్నాం. నచ్చిన టేక్ 41.6 సెకన్లు వచ్చింది. ఇక్కడ గడియారం ఆమె ఊపిరే, స్కోర్ దానికి లొంగాలి. స్కోర్ మొదట్లో 4/4లో పది ఖాళీ బార్లు, అంటే 40 క్వార్టర్లు పెట్టి, వేగం 57.69 అని కొట్టించాం. 40 క్వార్టర్లు ఆ వేగంలో 41.6 సెకన్లే తీసుకుంటాయి. ఆ తర్వాత 6/8 మొదలవుతుంది. పాటంతా ఖచ్చితంగా అంత వెనక్కి జరిగింది, ఇదివరకు 29గా ఉన్న బార్ ఇప్పుడు 39 అయి 1:41.6 దగ్గరికి వచ్చింది. ఆ పది బార్లకీ సంగీతపరంగా ఏ అర్థమూ లేదు. పాడేవాళ్ల ప్రింట్‌లో వాటిని ఒకే బార్‌గా చూపించి పైన సాకీ అని రాశారు.

ప్రాక్టీస్ ఆడియో పంపే దగ్గర కూడా ఒక తేడా దొరికింది. ఎంపీ3గా మార్చేటప్పుడు మొదట్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, మామూలుగా 25 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుంది. ఫోన్‌లో వినడానికి పర్వాలేదు. కానీ ఒక అబ్బాయి ఇంట్లో ఆ ఎంపీ3 మీద కీబోర్డ్ వాయించి రికార్డ్ చేసి పంపాడు, అది రీపర్‌లో ప్రతి చోటా కొంచెం ఆలస్యంగా పడింది. రికార్డింగ్‌కి వాడే ఏ ఆడియో అయినా వేవ్ ఫైల్‌గానే ఉండాలని, వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపాలని చెప్పాం. అన్ని ఫైళ్లూ 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లోనే.

స్టూడియోలో కూడా ఒకసారి కేబుల్ పరీక్ష చేశాను. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి కలిపి వుడ్‌బ్లాక్‌ని ప్లే చేస్తూ రికార్డ్ చేస్తే, తిరిగొచ్చిన దెబ్బ అసలు దెబ్బ మీదే పడాలి. డ్రైవర్ చెప్పే ఆలస్యం ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. తేడా ఉంటే రీపర్ సెట్టింగుల్లో శాంపిళ్లలో సరిచేసుకోవచ్చు. ఎనిమిది హెడ్‌ఫోన్లతో ఒక్కో గొంతునీ విడిగా రికార్డ్ చేసే చోట ఇది వదిలేస్తే నాలుగు గొంతులూ స్కోర్‌కి కొంచెం వెనకే ఉంటాయి. మిక్స్‌లో కారణం తెలియని మందకొడితనం అక్కడి నుంచే వస్తుంది.

అసలు పరీక్ష రికార్డింగ్ సగంలో వచ్చింది. సోప్రానో, ఆల్టో అయిపోయాయి. చర్చి అయ్యగారు (పాస్టర్) వచ్చి విని, ఒడియా చరణానికీ సవర చరణానికీ మధ్య కొంచెం ఊపిరి తీసుకునే చోటు ఉంటే బాగుంటుందన్నారు. ఆయన మాట నిజమే. రెండు బార్లు చేర్చాలి. మాస్టారు టెన్షన్ పడిపోయారు, రికార్డ్ అయినవన్నీ మళ్లీ పాడించాలేమో అని.

పాడించక్కర్లేదు, ఎందుకంటే ముందే ఒక పని చేసి పెట్టుకున్నాం. రీపర్‌లో కొత్త ప్రాజెక్ట్‌లో ఆడియో మామూలుగా బీట్లకి అతుక్కుని ఉంటుంది. టెంపో మారితే గొంతు కూడా సాగుతుంది, కుంచించుకుపోతుంది. గొంతుల ట్రాకులన్నింటినీ టైమ్‌కి అతుక్కునేలా మార్చి ఉంచాను. మిడి ట్రాకులు బీట్లకే వదిలాను. ఇప్పుడు ఒడియా చరణం చివర గీత దగ్గర అన్ని ట్రాకుల్నీ కోసి, రెండు బార్ల ఖాళీ చొప్పించాను. ఆ ఖాళీ ఎంతో చూస్తే 4.286 సెకన్లు. మాస్టారు స్కోర్‌లో అదే చోట రెండు బార్లు చేర్చి కొత్త మిడి పంపారు. పాత మిడిని తీసేసి కొత్తది పెట్టి, కాగితంతో సరిచూశాం. సవర చరణం మొదటి అక్షరం కొత్త బార్ గీత మీద సరిగ్గా కూర్చుంది. ఒక్క గొంతూ మళ్లీ పాడించలేదు. టెనర్లు, బేస్‌లు నేరుగా కొత్త స్కోర్‌తోనే పాడారు. ఫైల్ పేరులో తేదీతో పాటు మొత్తం బార్ల సంఖ్య కూడా రాయడం అప్పటి నుంచి మొదలుపెట్టాం. రెండు ఫైళ్లలో ఏది కొత్తదో తెరవకుండానే తెలుస్తుంది.

క్వైర్ దగ్గర ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన పాత ఏర్పాట్లు కూడా కొన్ని ఉన్నాయి. 2024 ఆగస్టులో ఫినాలే ఆగిపోయింది కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకునే కంప్యూటర్ ఉన్నప్పుడే వాటిని వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్లు కూడా చదవగల మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌గా మార్చి పెట్టుకోమని చెప్పాను. నోట్లు, సాహిత్యం, గుర్తులు దాంట్లో వస్తాయి. టైమింగ్ కోసం మాత్రం ఎప్పుడూ మిడినే చూడాలి.

పాట పూర్తయ్యాక వాళ్లకిచ్చిన ఫోల్డర్‌లో మిక్స్‌తో పాటు చివరి స్కోర్, దాని మిడి, మాస్టారి సెకన్ల కాగితం ఫోటో, గొంతులు లేని ట్రాక్, ఒక్కో గొంతు ఎక్కువగా వినిపించే నాలుగు ప్రాక్టీస్ ఆడియోలు ఉన్నాయి. అన్నీ ఒకే బిందువు దగ్గర మొదలవుతాయి, దేని మీద దేన్ని పెట్టినా కుదురుతుంది. క్రిస్మస్ రోజు చర్చిలో ఆ ట్రాక్ పెట్టి మూడో చరణం సవర పిల్లలు పాడారు. ఈసారి ఎత్తుకునే చోట ఎవరూ మాస్టారి వైపు చూడలేదట.

ఈస్టర్ పాటకి ఆయన అప్పుడే స్కోర్ మొదలుపెట్టారు. ఖాళీ బార్లు, వుడ్‌బ్లాక్ స్టాఫ్ ముందే వేసి పంపారు. అందులో ఒక చరణం ఖండ గతిలో ఉంది, క్వార్టర్‌ని ఐదు భాగాలు చేయాలి. మ్యూజ్‌స్కోర్ మిడిలో క్వార్టర్ నోట్‌కి 480 టిక్కులు (కాలాన్ని కొలిచే చిన్న ముక్కలు) కాబట్టి ఐదు భాగాలు 96 చొప్పున సమంగా వస్తాయి, రీపర్‌లో గ్రిడ్ ఐదుకి మార్చుకుంటే చాలు. అదే ఏడు భాగాల మిశ్ర గతి అయితే 480 ఏడుతో తెగదు. వచ్చే తేడా టిక్కుకి లోపే, చెవికి అందదు. నోట్లని పొరపాటున నాలుగు గ్రిడ్‌కి క్వాంటైజ్ చేయకుండా, అంటే ఆ గీతల మీదికి లాగకుండా చూసుకోవాలి, అంతే.